బోధను సీమలో దయానిధి



నా వద్ద బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ నవల ప్రతి యొకటి ఉన్నది. మొదటి అట్ట ఏనాడో ఊడిపోగా ఎవరో సిమెంటు సంచి లోపలి గోధుమరంగు కాగితముతో అట్ట వేసినారు. వెన్నున కుట్టు రెండుమారులు వీడిపోయి, రెండుమారులు గోనెసంచులు కుట్టెడి దబ్బనముతోనే మరల కుట్టబడినది. లోపల చాయ్ మరకలు కలవు, దీపపు నూనె చుక్కలు కలవు, ఒకచోట పసుపు అంటిన బొటనవ్రేలి ముద్ర కలదు. నలుబది ఏండ్లుగా ఆ ప్రతి బోధనులోను, శక్కర్‌నగరు క్వార్టర్లలోను, వర్ని కోటగిరి దారులలోని క్యాంపులలోను, నిజామాబాదు పట్టణపు వాడలలోను చేతులు మారుచు, ఏడాదికొకసారియో రెండేండ్లకొకసారియో నా గడప త్రొక్కి, నాలుగు దినములైనను నిలువక మరల ఎవరి చంకనో ఎక్కి వెళ్ళిపోవుచున్నది. దాని చివర నేను తెల్లకాగితములు కొన్ని అంటించి, చదివినవారు ఆఖరి పుట ముగించిన వెంటనే నోటికి వచ్చిన మాట యొకటి అందు వ్రాయవలెనని కోరినాను. విమర్శ అక్కరలేదు, పేరు అక్కరలేదు. మరునాటికి చల్లారి మర్యాద సంతరించుకొన్న అభిప్రాయము అసలే అక్కరలేదు. ఈ సాయంకాలము నేను మీతో చెప్పదలచినది ఆ కాగితముల సంగతి.

ఈ సంగతి రేడియోలో చెప్పుట ఒక విధముగా ఋణము తీర్చుకొనుట వంటిది. బుచ్చిబాబుగా మనము ఎరిగిన శివరాజు వెంకట సుబ్బారావుగారు 1916లో ఏలూరులో జన్మించి, అనంతపురములోను విశాఖపట్టణములోను ఆంగ్ల సాహిత్యము బోధించి, పిమ్మట ఆకాశవాణిలో చేరి, మదరాసులోను విజయవాడలోను పనిచేసి, 1967లో కన్నుమూయువరకు ఆ కొలువులోనే నిలిచిన రచయిత. తన మాట ఏ ఇంట, ఏ పనిలో నున్న మనిషి చెవిని పడుచున్నదో తెలియకయే మాట్లాడుట రేడియోవాని వృత్తిధర్మము గదా! ‘చివరకు మిగిలేది’ చదువునప్పుడు నాకు ఆ ధర్మమే స్ఫురించును. దేశము స్వాతంత్ర్యమునకు సిద్ధమగుచు, రచయితలలో పెక్కుమంది జనసమూహమును ఉద్దేశించి గొంతెత్తుచున్న 1946–47 ప్రాంతమున ఈ నవల పత్రికలో ధారావాహికగా వెలువడినది. వెలువడి, ఒక్క మనిషి తనలో తాను గొణుగుకొన్న మాటలను, ఎవరి చెవిని పడునో తెలియని రీతిగా, వందలాది పుటల పొడుగునా వినిపించినది.

కథ మీలో చాలమందికి తెలిసినదే. దయానిధి చదువుకొన్నవాడు, వైద్యుడు. అతని తల్లి నడవడిని గూర్చి లోకము ఒక మాట అన్నది. ఆ మాట అతని కంటె ముందుగా నడచి ప్రతి ఇంటి తలుపు తట్టును. అతడు చేరునప్పటికి ఆ ఇంటివారి కన్నులలో అది కూర్చుండియే యుండును. కోమలి, సుశీల, అమృతం, ఇందిర, ఇందరి స్నేహములోను ప్రేమలోను సంసారములోను ఆ మాట నీడవలె పరచుకొనును. భార్య ఇందిర జబ్బుపడి మరణించును. అతడు సర్కారు జిల్లాలు విడిచి రాయలసీమకు పోవును. అచట వజ్రము దొరకును, ధనము కలుగును. అయినను అచటి వారి కంటికి అతడు ఎక్కడనుండియో వచ్చినవాడే. ఇంతకంటె కథ చెప్పుట ఈ నవల విషయమున న్యాయము కాదు, ఏలయన ఇందులో జరిగినదాని కంటె జరిగినదానిని గూర్చి ఆ మనిషి పడిన మథనమే అధికము. మరియొక మాట. 1960లో ఇదే పేరుతో సావిత్రిగారు నటించిన చలనచిత్రము వచ్చినది. అది ఒక బెంగాలీ చిత్రమునకు తెలుగు రూపము, ఈ నవలతో దానికి సంబంధము లేదు. ఆ సినిమా కథయే అనుకొని పుస్తకము అడిగి తీసికొన్న పెద్దలు మా ప్రాంతమున కొందరు ఉన్నారు. అందులో ఒకరు మాత్రము, తాను వెదకినది దొరకకున్నను, చివరి పుట దాక చదివి, “వేరే కథే గాని వదలబుద్ధి కాలేదు” అని కాగితముపై వ్రాసి తిరిగి ఇచ్చినారు.

కాగితములలో మొదటి పుట నిండ యువకుల కోపము. “వీడు ఏమీ చేయడు”, “ఇంత చదివి ఇంత ఏడుపా”, “నాలుగు తగిలిస్తే సరి” — ఇట్టివి. 1980ల నాటి నా విద్యార్థులు వీరు. ఊళ్ళలో సంఘములు, సభలు, పాటలు హోరెత్తుచున్న దినములవి. వారిలో ఒకడు కొంచెము పొడుగుగా వ్రాసినాడు: వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’ మన జిల్లా కథ, అందులోని కంఠీరవము ఊరివారి కొరకు నిలబడినాడు, ఈ దయానిధి ఎవరి కొరకు నిలబడినాడు? అని. ప్రశ్న బలమైనది. నిజామాబాదు ఖిల్లా జైలు గోడలపై దాశరథిగారు బొగ్గుతో పద్యములు వ్రాసిన ఊరు మాది. ఆ జైలులో తనతో నుండిన ఆళ్వారుస్వామికే ఆయన పిమ్మట ‘అగ్నిధార’ను అంకితమిచ్చినారు. 1937లో ఆంధ్రమహాసభ ఆరవ సమావేశము మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన జరిగినది ఇచటనే. అట్టి గాలి పీల్చి పెరిగిన కుర్రవాడు, తల్లిని గూర్చిన అపవాదును మోయలేక ఊరూరు తిరిగెడి వైద్యుని చూచి విసుగుకొన్నాడనిన, ఆ విసుగునకు నేను తల వంచెదను. కాని అదే కుర్రవాడు, ఏండ్లు గడచి, ఉద్యోగరీత్యా ఉత్తరదేశమునకు పోయి, తండ్రి మరణించిన నెలలో ఇంటికి వచ్చి, ఈ ప్రతిని మరల అడిగి తీసికొనిపోయినాడు. తన పాత వాక్యమును కొట్టివేయలేదు. దాని క్రింద తేదీ మాత్రము వేసినాడు.

కళాశాలలో సాహిత్యము చెప్పెడి మిత్రుడొకడు “తెలుగు హామ్లెట్” అని రెండే మాటలు వ్రాసినాడు. తల్లి విషయమైన కలత, కార్యవిముఖత, ఎడతెగని ఆత్మపరీక్ష — పండితులు ఈ పోలికను చేయుట కొత్త కాదు. నేను కూడ చాలకాలము దానినే నమ్ముకొని, అడిగినవారికెల్ల చెప్పుచు వచ్చినాను. ఆ పోలికలో ఒక లోపము ఉన్నదని నాకు చూపినది పండితులెవరును కారు; ఆ సంగతి పిదప చెప్పెదను.

శక్కర్‌నగరు సంగతి మొదట చెప్పవలెను. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినప్పటినుండి మా సీమకు కాలగణనము ఉగాదితో కాదు, క్రషింగుతో మొదలగుచుండెను. చలికాలము వచ్చినదనగా ఫ్యాక్టరీ దారి పొడవున చెరకు బండ్లు బారులు తీరును. రాత్రియంతయు ఎడ్లు నెమరు వేయుచుండును. బండ్ల క్రింద లాంతరులు, గడ్డిపై గొంగళ్ళు. బడి విడిచిన పిల్లలు వెనుకనుండి గడలు లాగి పరుగెత్తుట, బండివాడు కోపము నటించుట. మొలాసిస్ వాసన ఊరిపై పరచుకొన్న నాడు కూలివానికి పని దొరకును, కోమటికి బాకీ వసూలగును, పెండ్లికావలసిన పిల్లకు ముహూర్తము కుదురును. ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసిన ఆ కార్ఖానా 2015 డిసెంబరులో మూతపడినది. ఆ చలికాలము నుండి దారిపై బండ్లు లేవు. చెరకు తోటలు పోయి వరి మళ్ళు వచ్చినవి.

ఆ ఫ్యాక్టరీలో చెరకు కాంటా దగ్గర గుమాస్తాగా పనిచేసిన ఒక పెద్దమనిషి క్వార్టరు ఖాళీచేయు దినములలో ఈ నవల చదివినాడు. అతనికి నవల నచ్చలేదు. నచ్చకపోవుటకు అతడు చూపిన కారణము మాత్రము నేను ఏ విమర్శకుని వ్రాతలోను చూడనిది. “ఈ డాక్టరు ఇన్ని ఇండ్లు మారినాడు గదా, ఒక్కసారియైనను సామాను లెక్క వ్రాసికొనలేదు. ఇల్లు విడుచువాడు ముందు సామాను లెక్క వ్రాసికొనును” అని వ్రాసి, దాని క్రింద తన లెక్క తాను వ్రాసినాడు. గుండ్రని కాంటా దస్తూరి, వరుస అంకెలు, కుడివైపు గీతగీసిన గడి. ఇనుప పెట్టె ఒకటి. కుర్చీలు నాలుగు, అందు ఒకటికి చేయి లేదు. రోలు ఒకటి. తూకపు చీటీల కట్టలు రెండు, పారవేయరాదు. కుక్కరు. పిల్లల బడి ఫొటోలు. ఏడవ అంకెకు ఎదురుగ ‘వేపచెట్టు’ అని వ్రాసి, కుడి గడిలో ‘ఇచటనే’ అని వ్రాసినాడు. లెక్క అంతటితో ఆగిపోయినది. అతడు ఇప్పుడు హైదరాబాదులో కుమారుని వద్ద నాలుగవ అంతస్తులో ఉన్నాడు. నవలను తప్పుపట్టుటకు పూనుకొని, తాను విడిచిన ఇంటిని గూర్చి తెలుగులో నేను చదివిన మంచి పుటలలో ఒకదానిని అతడు వ్రాసి పోయినాడని నా నమ్మకము. ఆ మాట అతనికి ఫోనులో చెప్పితిని. చాలసేపు పలుకలేదు. పిమ్మట, “చెట్టును నరికినారా సార్?” అని అడిగినాడు. నరకలేదని చెప్పగలిగినందుకు నాకు సంతోషము.

మా ప్రాంతపు పాఠకులకు రాయలసీమ ప్రకరణములు వచ్చునప్పటికి చదువు కష్టమగును. కారణము మా నేలలోనే ఉన్నది. మంజీరపై అచ్చంపేట వద్ద 1923లో మొదలైన నిజాంసాగరు 1931 నాటికి పూర్తికాగా, కాలువ క్రింది నల్లరేగడి భూములను వెదకికొనుచు కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల నుండి కుటుంబములు బండ్లపైన, రైళ్ళపైన తరలివచ్చినవి. వారు వేసికొన్న గుడిసెల గుంపులకు నాడు పెట్టిన ‘క్యాంపు’ అను పేరు నేటికిని నిలిచినది. మేడలు లేచినను, మూడవ తరము పెండ్లిండ్లు జరిగినను, ఊరి పేరు చివర క్యాంపు క్యాంపే. భూమి అమ్మినవారి మనుమలు, కొన్నవారి మనుమలు నా తరగతిలో ఒకే బల్లపై కూర్చుండి ఒకే పాఠము చదివినారు. సర్కారు జిల్లాలనుండి వచ్చిన దయానిధిని సీమవారు పరాయివానిగా చూచెడి పుట అంచున, ఆ ఇరువురి వారసులును తమ తమ పెన్సిళ్ళతో ఒకరికొకరు ఎదురుపడినారు. ఒకరు “వచ్చి ఎంత మేలు చేసినా పరాయివాడే” అని వ్రాసినారు. క్రింద నీలిసిరాతో వేరొకరు, “మేలు చేయమని పిలిచిందెవరు?” అని అడిగినారు. ఆ రెండు వాక్యములలోను గాయమున్నది. ఒకటి ఆదరము దొరకని గాయము, రెండవది అడుగకయే చోటు ఇయ్యవలసి వచ్చిన గాయము. తీర్పు చెప్పుట నాకు చేతకాదు. బుచ్చిబాబుగారికి కూడ అది ఇష్టము లేదనుకొందును. దయానిధిని తరుముచున్నవారిని కూడ ఆయన రాక్షసులుగా చిత్రింపలేదు.

క్యాంపుల నుండి వచ్చిన మాటలలో నాకు మరువరానిది ఒక ముసలమ్మది. ఆమె కన్నులు మసకబారగా మనుమరాలు చదివి వినిపించినదట. పుస్తకము తిరిగి ఇచ్చుటకు స్వయముగా వచ్చి, అరుగుపై కూర్చుండి, మంచినీళ్ళు త్రాగి చెప్పినది: “మేమొచ్చి డెబ్బయ్యేళ్ళు దాటింది నాయనా. మీ ఊరేదంటే ఇప్పటికీ కృష్ణాజిల్లా ఊరే నోటికొస్తుంది. అక్కడికెళితే నిజామాబాదోళ్ళొచ్చారంటారు. అది సరేలే. ఆ దయానిధికి ఒకటి కుదర్లేదు చూశావా? వీధి గుమ్మందాకా వచ్చి సాగనంపినవాళ్ళు లేరు. మా అమ్మ గోంగూర జాడీ ఒళ్ళో పెట్టి, బండి మలుపు తిరిగేదాకా నిలబడింది. ఆ నిలబడ్డం మీదే బతికాం ఇక్కడ.” ఇట్లని చెంగుతో మూతి తుడుచుకొని లేచినది. అప్పగింతలు లేని ప్రయాణము ఎట్టిదో, ఆ నవల శోకము ఎచటనుండి పుట్టినదో, ఆమె ఆ నాలుగు మాటలలో చెప్పినంత సూటిగా నేను తరగతిలో ఏనాడును చెప్పలేదు. అమృతము అతనిని ఆదరించినది గదా అని నేను అనబోయినాను. కాని ఆదరించుట వేరు, సాగనంపుట వేరు, ఆమె చెప్పినది రెండవదానిని గూర్చి.

ఇక బీడీల వరండా సంగతి.

పదవీవిరమణ చేసిన పిమ్మట మా వీధిలో ఒక ఇంటి వరండాలో మధ్యాహ్నములు కూర్చుండుట నాకు అలవాటైనది. అచట ఏడెనిమిదిమంది స్త్రీలు బీడీలు చుట్టుదురు. రాత్రి నానవేసి తడిగుడ్డలో చుట్టియుంచిన తునికాకును విప్పి, కొలత రేకు పెట్టి, కత్తెరతో ముక్కలుగ కత్తిరించి, ఒడిలోని చాటనుండి పొగాకు పొడి చిటికెడు వేసి, రెండు బొటనవ్రేళ్ళతో దొర్లించి, దారము బిగించి, మూతి మడిచి, ఇరువదియైదింటిని కట్టగా కట్టుదురు. వేయి బీడీల లెక్కకు కూలి. వ్రేళ్ళు చూడకయే పనిచేయును, చెవులు ఖాళీ. ఆ చెవులకు రేడియో ఉండెడిది. అది చెడిపోయిన వారమున, “సారూ, ఊరికె కూసునుడేంది, ఏదన్న సదువరాదు?” అని ఆ ఇంటి ఇల్లాలు అడిగినది. నా సంచిలో ఉన్నది ఈ పుస్తకము. మంచిదా కాదా అని ఆలోచింపక మొదలు పెట్టితిని.

వినుచున్నవారి మనస్సు నాకు కత్తెరల వలన తెలియుచుండెను. కథ మామూలుగా సాగునప్పుడు ఏడు కత్తెరలు ఏడు లయలలో కరకరలాడును. నవలలోని జగన్నాథమను కుర్రవాడు వచ్చి వింత వింత మాటలు పలుకునప్పుడు నవ్వులతో లయ తప్పును, “ఆ పిల్లగాడు మల్లెప్పుడొస్తడు సారూ?” అని అడుగుదురు. కోమలి మీద వారికి కోపము లేదు. నేను ఉండునని అనుకొంటిని. “పేదింట్ల పుట్టిన అందం, ఏం జేస్తది పాపం” అనిరి. అమృతము వచ్చిన పుటలలో కొందరు తలలు వంచుకొనిరి, ఒకతె మాత్రము కన్నార్పక నా వైపు చూచుచు వినినది. ఇందిర జబ్బు ముదిరిన దినమున కత్తెరలు ఒకటొకటిగా ఆగిపోయినవి. ఆ నిశ్శబ్దములో మూలనున్న ముసలామె దగ్గు వినవచ్చినది. పొగాకు ధూళి నడుమ ఏండ్లకేండ్లు కూర్చుండిన వారికి దగ్గు అనునది కథ కాదు. ఆ దినము అంతటితో చాలించితిని.

ఆ వరండాలోని స్త్రీలలో మువ్వురి భర్తలు ఎడారి దేశములలో ఉన్నారు, లేదా ఉండి వచ్చినారు. 1970ల నుండి మా జిల్లా మగవారు దుబాయి, మస్కటు, సౌదీ, కువైటు పోవుచున్నారు. మాకు అన్ని దేశములును దుబాయే. “దుబాయి పోయిండు” అనినచో ఏ దేశమైనను కావచ్చును. ఏజెంటుకు కట్టిన అప్పు, వడ్డీ, రెండేండ్లకు ఒక సెలవు. ఫోను లేని దినములలో క్యాసెట్లు వచ్చెడివి. మనిషి గొంతు టేపులో చుట్టుకొని తిరిగి వచ్చు మిత్రుని పెట్టెలో సముద్రము దాటి వచ్చును. ఇల్లంతయు టేప్‌రికార్డరు చుట్టు కూర్చుండును. పిల్లవాడు గుర్తుపట్టునో లేదో అని తల్లి పిల్లవాని ముఖము చూచుచుండును. వెళ్ళినవాని వ్యథను గూర్చి మనకు పాటలున్నవి, కథలున్నవి. విడువబడిన ఇంటిలో పడుచు భార్య ఉన్నదనగా ఊరి నోరు ఏమి చేయునో చెప్పినవారు తక్కువ.

ఆ కన్నార్పక వినిన స్త్రీ భర్త పదునొకండేండ్లు మస్కటులో ఉన్నాడు. ఆ పదునొకండేండ్లలో మూడుమారులు వచ్చినాడు. తల్లిని గూర్చిన అపవాదు దయానిధి మనస్సును తొలుచుచున్న ప్రకరణమొకటి ముగియగానే ఆమె చాట ప్రక్కన పెట్టి అడిగినది:

“సారూ, ఆ పిలగాడు గింత సదువుకున్నడు గదా. అందరు అన్నది నమ్మిండో నమ్మలేదో గాని, ఒక్కపారన్న తల్లిని అడిగిండా? ‘అమ్మా, నువ్వు చెప్పు’ అని అడిగిండా?”

నేను ఆ నవలను అప్పటికి అయిదారుమారులు చదివియుంటిని. ఆ ప్రశ్న నాకు తోచలేదు. ఇంటికి వచ్చి దీపము ముందు కూర్చుండి పుటలు తిరుగవేసితిని. తల్లిని తలచుకొనెడి పుటలు ఉన్నవి, తల్లి కొరకు తపించెడి పుటలు ఉన్నవి, లోకముపై మండిపడెడి పుటలు ఉన్నవి. కొడుకు ఎదురుగ కూర్చుండి, ఆమె వైపు కథ ఆమె నోట వినగోరిన పుట, ఆ స్త్రీ కోరిన రీతిగా, నాకు దొరకలేదు. అప్పుడు నా మిత్రుడు వ్రాసిన ‘తెలుగు హామ్లెట్’ జ్ఞాపకము వచ్చినది. హామ్లెట్ ఏమి చేయలేకపోయినను, తల్లి మందిరమునకు పోయి ఎదుట నిలిచినాడు, క్రూరముగానైనను అడిగినాడు, ఆమె బదులు పలికినది. దయానిధి జీవితమంతయు అడుగకయే మోసినాడు. కార్యవిముఖత అని మన పండితులు దేనిని అన్నారో అది వజ్రము దొరికిన పిదప ఏమి చేసినాడు, ఎవరిని పెండ్లాడినాడు అనువానిలో లేదు. ఆ అడుగని ప్రశ్నలో ఉన్నది. అతడు పోయిన ఊళ్ళన్నియు ఆ ప్రశ్ననుండి దూరముగా పోయిన ఊళ్ళే.

ఇది నవలకు లోపమని ఆ స్త్రీ భావము. నా భావము వేరు. ఆనాటి మధ్యతరగతి ఇంటిలో చదువుకొన్న కొడుకు తల్లిని అట్లు అడుగజాలడు. అడుగజాలనితనమే ఆ నవల చీకటి. బుచ్చిబాబుగారు ఆ చీకటిని దాచక, దీపము పెట్టినట్టు నటింపక, ఉన్నదున్నట్టు మన ముందర ఉంచినారు. నేను ఇట్లు సమర్థించుకొనుచు మరునాడు ఆమెకు చెప్పితిని. ఆమె ఒప్పుకొనలేదు. “మీరు సదువుకున్నోళ్ళు, మీకు గట్ల గొడ్తది. నాకైతే నా కొడుకు అడిగితె బాగుండనిపిస్తది” అని తునికాకు చేతికి తీసికొన్నది. ఆ వాక్యములోని రెండవ సగము విని వరండాలో మరి యెవరును మాట్లాడలేదు.

దుఃఖములో నున్న వారికి దుఃఖపు పుస్తకము చదివి వినిపించుట పాపమని నన్ను మందలించిన మిత్రులున్నారు. వారి మాటను నేను తేలికగా తీసికొనలేదు. రెండు వారములు చదువు మానివేసితిని. హాస్యకథల సంపుటమొకటి తీసికొనిపోయితిని. విన్నారు, నవ్వినారు, మూడవనాడు ఇంటి ఇల్లాలు, “గివి మంచిగనే ఉన్నయి గాని సారూ, ఆ డాక్టరు ఏమైండు?” అని అడిగినది. దుఃఖితుడు సంతోషమునే కోరునని మనము అనుకొనుట, ఆకలిగొన్నవానికి తీపియే కావలెననుకొనుట వంటిది. అతనికి అన్నము కావలెను. తన దుఃఖమునకు ఎక్కడనో ఒక మనిషి పేరు పెట్టినాడని, వాక్యము కట్టినాడని, దానిని ఏలూరులో పుట్టిన ఒక పెద్దమనిషి ఇంత శ్రద్ధగా వందలాది పుటలు వ్రాసినాడని తెలియుటలో గౌరవమున్నది. ఆ గౌరవము మా వరండాలోని స్త్రీలకు తెలిసినది. ఎవరికి ఏమి చదివి వినిపింపవలెనో నిర్ణయించెడి దయగల మిత్రులకు అది తెలియవలసియున్నది.

నవల ఆ వేసవిలో ముగిసినది. వారిలో కొందరు వ్రాయుట నేర్వనివారు గనుక కాగితములపై వారి మాటలు నేనే వ్రాసితిని. “ఇంకో ఏడు బతికితే బాగుపడు” అని ఒకరు. “అమృతం బిడ్డ సల్లగుండాలె” అని ఒకరు. ముసలామె తనకు నిద్రపట్టినది గనుక ముగింపు తెలియదని, మరల చదువుమని చెప్పినది, చదివితిని. మస్కటు ఇల్లాలు ఏమియు చెప్పలేదు. ఆ మధ్యాహ్నము ఆమె కుమారుడు, ఇంటరు ముగించినవాడు, గోడకు చేరగిలి విన్నాడు. ఎన్నాళ్ళనుండి వినుచుండెనో నేను గమనింపలేదు. నేను లేచునప్పుడు పుస్తకము ఇంటికి తీసికొనిపోవుటకు అనుమతి అడిగినాడు. ఇచ్చితిని.

నాలుగు నెలలైనది. ఆ పిల్లవానికి విజా వచ్చినదని, వచ్చే నెలలో ప్రయాణమని వీధిలో అనుకొనుచున్నారు. పోయిన ఆదివారము వారి ఇంటికి పోయితిని. అరుగు మీద తల్లి కొడుకులు ఇద్దరును ఉన్నారు. ఆమె ఒడిలో చాట, అతని ఒడిలో పుస్తకము. నన్ను చూచి చదువు ఆపి, పుటల నడుమ కొలత రేకుకు కత్తిరించిన తునికాకు ముక్క యొకటి గుర్తుగా పెట్టి, పుస్తకము మూసినాడు. చాయ్ వచ్చినది, త్రాగితిని. వాన సంగతి, వడ్ల సంగతి మాట్లాడుకొంటిమి. పుస్తకము అడుగలేదు. అతడు మొదటినుండి చదివి వినిపించుచున్నాడట. తునికాకు ముక్క మూడవ వంతు దగ్గర ఉన్నది.